ఆడదోమ, మగదోమ: ఒకే జన్యువులు, వేరు వేరు ప్రోటీన్లు

దోమ కుట్టిందంటే అది ఆడదోమే. మగదోమకు రక్తం అక్కర్లేదు. తాగాలనుకున్నా చర్మాన్ని చీల్చే సూదులు దాని నోటిలో సరిగా ఉండవు. ఈ సంగతి చిన్నప్పుడే చదువుకుంటాం, అక్కడితో వదిలేస్తాం. కానీ కాస్త ఆలోచిస్తే ఇందులో ఒక చిక్కు కనిపిస్తుంది. ఒకే తల్లి పెట్టిన గుడ్లు, ఒకే నీటిలో పెరిగిన పురుగులు, దాదాపు ఒకటే జన్యు సమాచారం. అందులోంచి వచ్చిన రెండు దోమల్లో ఒకటి మలేరియానో డెంగీనో మోసుకు తిరిగితే, రెండోది పూల తేనె తాగి, జత కట్టి, కొన్నాళ్లకే చచ్చిపోతుంది. ఇంత తేడా ఎలా వస్తుంది?

జన్యువు ఉండటం వేరు, దాని నుంచి ప్రోటీన్ తయారవడం వేరు. గుడ్డులో పచ్చసొనకు కావలసిన ప్రోటీన్ జన్యువు మగదోమ ఒంట్లోనూ ప్రతి కణంలో ఉంటుంది, పని మాత్రం చేయదు. అలాగే వీర్యంలో కలిసే ప్రోటీన్ల జన్యువుల్లో చాలా వరకు ఆడదోమలోనూ ఉంటాయి, అవీ మూగవే. ఏ జన్యువు ఎప్పుడు, ఏ అవయవంలో, ఎంత మోతాదులో ప్రోటీన్‌గా మారుతుందన్న దానిలోనే ఆడా మగా తేడా అంతా ఉంది. ఆ ప్రోటీన్లను పేరుపేరునా గుర్తించే వీలు ఈ శతాబ్దంలోనే వచ్చింది. మలేరియా దోమ అనాఫిలిస్ గాంబియే జన్యుపటం 2002లో, డెంగీ దోమ ఏడిస్ ఈజిప్టైది 2007లో, బోదకాలు వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమది 2010లో వెలువడ్డాయి. దోమ శరీరంలోని ప్రోటీన్లను ముక్కలు చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఆ ముక్కల బరువులు తూచి, అవి ఏ జన్యువు తాలూకువో ఈ పటాల్లో వెతికి పట్టుకుంటారు.

మొదటి మీట

అనాఫిలిస్ దోమల్లో మనుషుల్లాగే X, Y క్రోమోజోములు ఉంటాయి. ఏడిస్, క్యూలెక్స్ దోమల్లో అలాంటివి లేవు. వాటి మొదటి క్రోమోజోమ్‌లో ఒక చిన్న భాగం ఉంటే మగ, లేకపోతే ఆడ, అంతే. ఏడిస్‌లో ఆ చిన్న భాగంలోని అసలు మీట నిక్స్ అనే జన్యువని 2015లో తేలింది. మగ పిండంలో దాన్ని పాడుచేస్తే ఆడ లక్షణాలు వస్తాయి. ఆడ పిండంలో దాన్ని పెడితే మగ లక్షణాలు వస్తాయి. మరుసటి ఏడాది అనాఫిలిస్ గాంబియే Y క్రోమోజోమ్ మీద యాబ్ అనే జన్యువు దొరికింది. అది తయారుచేసే ప్రోటీన్ మరీ చిన్నది, 56 అమైనో ఆమ్లాలే. ఇంత చిన్న ముక్క ఒక ప్రాణి లింగాన్ని నిర్ణయిస్తుందంటే ఆశ్చర్యమే.

ఈ మీటలు నేరుగా మగతనాన్ని తయారుచేయవు. వాటి కింద డబుల్‌సెక్స్ అనే జన్యువు ఉంటుంది. ఇది ఆడా మగా రెండింటిలోనూ పనిచేస్తుంది. కానీ దాని నుంచి వచ్చిన ఆర్ఎన్ఏను (జన్యువులోని సమాచారపు నకలును) మగదోమ ఒక రకంగా, ఆడదోమ ఇంకో రకంగా కత్తిరించి అతుక్కుంటుంది. దాంతో ఒకే జన్యువు నుంచి రెండు ప్రోటీన్లు వస్తాయి. మొదటి భాగం రెండింటిలోనూ ఒకటే, చివర మాత్రం వేరు. ఆ చివరి ముక్క ఆధారంగానే వందలాది ఇతర జన్యువులు తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుంది. మగదోమ మీసాలు గుబురుగా పెరగడం, ఆడదోమ నోట్లో కోత సూదులు ఏర్పడటం లాంటివన్నీ ఇక్కడి నుంచి దిగి వచ్చినవే.

అనాఫిలిస్‌లో ఇంకో లెక్క కూడా ఉంది. ఆడదోమకు రెండు X క్రోమోజోములు, మగదోమకు ఒక్కటే. అంటే X మీద ఉన్న జన్యువుల నుంచి మగదోమకు సగం ప్రోటీన్లే రావాలి. అలా జరిగితే అది బతకదు. అందుకని మగదోమ తన ఒక్క X చేత రెట్టింపు పని చేయిస్తుంది. ఈ పని చేయించే ప్రోటీన్‌ను 2023లో గుర్తించి ఎస్ఓఏ అని పేరు పెట్టారు. దాని పూర్తి రూపం మగదోమలోనే తయారవుతుంది. ఆడ పిండంలోకి యాబ్ సందేశాన్ని ఎక్కిస్తే అది మగగా మారకుండా చచ్చిపోవడానికి కారణం కూడా ఈ రెట్టింపు పనే. ఉన్న రెండు X లూ అదుపు లేకుండా పనిచేయడం మొదలెడతాయి. వింతేమిటంటే, ఆడా మగా మధ్య ప్రోటీన్లు సమానంగా ఉండటానికి కూడా ఇలా ఒక తేడా ప్రోటీన్ కావలసి వచ్చింది.

లాలాజలం

ఆడా మగా తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనిపించే చోటు లాలాజల గ్రంథి. రోగాల కోణంలో చూస్తే ముఖ్యమైన చోటూ అదే.

ఆడదోమ ఛాతీ భాగంలో ఒక జత లాలాజల గ్రంథులు ఉంటాయి. ఒక్కో గ్రంథికి మూడేసి తమ్మెలు, పక్కల రెండు, మధ్యలో ఒకటి. పక్క తమ్మెల మొదటి భాగంలో చక్కెరలను అరిగించే ఎంజైములు తయారవుతాయి. మాల్టేజ్, అమైలేజ్ లాంటివి. తేనె తాగడానికి అవి కావాలి. మధ్య తమ్మెలోనూ, పక్క తమ్మెల చివరి భాగంలోనూ రక్తం తాగడానికి కావలసిన ప్రోటీన్లు తయారవుతాయి. మగదోమ గ్రంథి సైజులో ఆడదోమ దానిలో అయిదో వంతు కూడా సరిగా ఉండదు. అందులో చక్కెర ఎంజైములు, బ్యాక్టీరియాను చంపే లైసోజైమ్ లాంటివి ఉంటాయి. రక్తానికి సంబంధించిన సరంజామా ఉండదు. అంటే చక్కెర విభాగం ఇద్దరికీ ఉమ్మడి, దానికి తోడు ఆడదోమ ఇంకో పెద్ద ఫ్యాక్టరీ పెట్టుకుంది.

ఆ ఫ్యాక్టరీ ఎందుకో అర్థం కావాలంటే చర్మం కింద జరిగేది చూడాలి. ఒక రక్తనాళానికి చిల్లు పడగానే శరీరం మూడు పనులు వెంటవెంటనే మొదలుపెడుతుంది. నాళం ముడుచుకుపోతుంది. ప్లేట్‌లెట్లు వచ్చి చిల్లు దగ్గర అతుక్కుంటాయి. ఆ తర్వాత రక్తం గడ్డకట్టే ప్రక్రియ నడుస్తుంది. ఈ మూడింటినీ తప్పించుకుంటేనే దోమకు కడుపు నిండేది. అదీ ఎవరూ కొట్టకముందే, ఒకటి రెండు నిమిషాల్లో.

గాయపడ్డ కణాల నుంచి ఏడీపీ అనే చిన్న అణువు బయటికి కారుతుంది. ప్లేట్‌లెట్లకు అదే పిలుపు. ఆడదోమ లాలాజలంలోని అపైరేజ్ అనే ఎంజైమ్ ఆ ఏడీపీని ఎక్కడికక్కడ విరిచేస్తుంది. పిలుపు అందదు, ప్లేట్‌లెట్లు రావు. ఈ ఎంజైమ్ మగదోమ లాలాజలంలో ఉండదు. మలేరియా జాతి పరాన్నజీవి గ్రంథుల్లో చేరిన దోమల్లో అపైరేజ్ పని తగ్గుతుందనీ, దానివల్ల ఆ దోమ రక్తం దొరక్క ఎక్కువసేపు, ఎక్కువ చోట్ల పొడుస్తుందనీ 1980ల్లో చేసిన పరిశోధనలు చూపించాయి. రోగం మోసే దోమ మామూలు దోమకన్నా ఎక్కువగా గుచ్చుతుందన్నమాట. ఇందులో లాభం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత డీ7 అనే ప్రోటీన్ల కుటుంబం. ఇవి ఎంజైములు కావు, దేన్నీ విరిచేయవు. సెరటోనిన్, హిస్టమిన్, నార్‌ఎపినెఫ్రిన్ లాంటి అణువులను పట్టుకుని కూర్చుంటాయి, అంతే. నాళాన్ని ముడిచేవీ, వాపు, మంట, దురద పుట్టించేవీ ఈ అణువులే. ఒక్క ఎంజైమ్ అణువు వందల వేల అణువులను వరసగా నాశనం చేయగలదు. పట్టుకుని కూర్చునే ప్రోటీన్ అలా కాదు, ఒకటి రెండు అణువులతో దాని చెయ్యి నిండిపోతుంది. అందుకే ఈ పద్ధతి పనిచేయాలంటే ప్రోటీన్ రాశులు పోయాలి. ఆడదోమ లాలాజలంలో అత్యధికంగా ఉండే ప్రోటీన్లలో డీ7 ఒకటి కావడానికి కారణం ఇదే. ప్రోటీన్ జాబితాల్లో 'ఎక్కువగా ఉంది' అన్న మాటకు అర్థం తెలియాలంటే, అది పనిచేసే తీరు కూడా తెలియాలి.

రక్తం గడ్డకట్టకుండా చూసేవి ఇంకో గుంపు. ఇక్కడ దోమ జాతులు ఒక్కోటీ ఒక్కో దారి పట్టాయి. అనాఫిలిస్ దోమలు అనోఫిలిన్ అనే చిన్న ప్రోటీన్‌తో, రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్‌ను అడ్డుకుంటాయి. ఏడిస్ దోమలు అంతకు ముందు మెట్టులో ఉండే ఫ్యాక్టర్ పది-ఏ ను ఆపుతాయి. నాళాన్ని వెడల్పు చేయడానికి ఏడిస్ ఈజిప్టై సియాలోకైనిన్ అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) వాడుతుంది. అనాఫిలిస్ ఆల్బిమానస్ అదే పనికి ఒక పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ను వాడుకుంటుంది. పని ఒకటే, పనిముట్లు వేరు.

దోమ కుట్టిన చోట దద్దురు రావడం, దురద పెట్టడం ఈ ప్రోటీన్లకు మన రోగనిరోధక వ్యవస్థ ఇచ్చే జవాబు. దీన్ని పరిశోధకులు తెలివిగా వాడుకున్నారు. అనాఫిలిస్ ఆడదోమలు మాత్రమే తయారుచేసే జీఎస్‌జీ6 అనే చిన్న లాలాజల ప్రోటీన్ ఒకటుంది. ఒక మనిషి రక్తంలో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఎంత ఉన్నాయో కొలిస్తే, ఆ మనిషిని మలేరియా దోమలు ఎంతగా కుడుతున్నాయో అంచనా కట్టవచ్చు. దోమలను పట్టి లెక్కపెట్టే పని కన్నా ఇది చాలా తేలిక.

ఇక పరాన్నజీవి సంగతి. దోమ పేగు గోడలో పెరిగిన మలేరియా క్రిములు చివరికి లాలాజల గ్రంథుల్లోకి చొరబడాలి. అవి ఎక్కువగా దూరేది మధ్య తమ్మెలోకి, పక్క తమ్మెల చివరి భాగంలోకి. అంటే సరిగ్గా రక్తం ఫ్యాక్టరీ ఉన్న చోటికే. చక్కెర విభాగం వైపు అంతగా పోవు. అక్కడి నుంచి లాలాజలంతో పాటు మనిషి చర్మంలోకి దిగుతాయి. ఆ లాలాజలం వాటికి వట్టి వాహనం కూడా కాదు. అది చర్మంలోని రోగనిరోధక కణాల తీరును మార్చి క్రిమికి దారి సుగమం చేస్తుందని ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో పదేపదే కనిపించింది. అనాఫిలిస్ లాలాజలంలోని ఏజీ-ట్రియో అనే ప్రోటీన్‌కు యాంటీబాడీలు ఇచ్చిన ఎలుకల్లో దోమకాటు తర్వాత మలేరియా తొలి దశ ఇన్ఫెక్షన్ తగ్గింది. రోగక్రిమికి కాకుండా దోమ లాలాజలానికే టీకా వేద్దామన్న ఆలోచన ఇలాంటి ఫలితాల వల్లే బలపడింది. అనాఫిలిస్ లాలాజల పెప్టైడ్లతో చేసిన ఏజీఎస్-వి అనే టీకాను మనుషుల మీద మొదటి దశలో పరీక్షించి, ఫలితాలను 2020లో ప్రచురించారు. ఒక్కో రోగానికి ఒక్కో టీకా కాకుండా దోమ మోసే రోగాలన్నిటికీ ఒకేసారి అడ్డుకట్ట వేయాలన్నది దాని వెనక ఉన్న ఆశ. ఆశ మంచిదే. కానీ ఏడిస్, అనాఫిలిస్ లాలాజలాలు పైన చూసినంత వేరుగా ఉన్నప్పుడు ఒకే టీకా అన్నిటికీ చాలడం కష్టమే అనిపిస్తుంది.

కడుపు నిండాక

ఆడదోమ ఒక్కసారి కూర్చుంటే తన బరువుకు రెండు మూడు రెట్ల రక్తం తాగగలదు. అందులో బోలెడు ప్రోటీన్. దాన్ని అరిగించి, అమైనో ఆమ్లాలుగా మార్చి, రెండు మూడు రోజుల్లో వంద దాకా గుడ్లుగా మార్చాలి. ఇంత హడావుడి మగదోమ జీవితంలో ఎప్పుడూ ఉండదు.

అరుగుదల రెండు విడతల్లో నడుస్తుంది. మొదట తొలి ట్రిప్సిన్, ప్రోటీన్లను విరిచే ఎంజైమ్. దీని ఆర్ఎన్ఏను ఏడిస్ ఆడదోమ పేగు రక్తం తాగకముందే తయారుచేసి దాచుకుంటుంది. రక్తం లోపలికి రాగానే దాంతో ప్రోటీన్ చేయడమే ఆలస్యం. తర్వాత మలి ట్రిప్సిన్, ఇది దాదాపు ఒక రోజుకు ఉచ్చస్థాయికి చేరి అసలు పని పూర్తిచేస్తుంది. ఈలోగా రక్తం ముద్ద చుట్టూ కైటిన్, ప్రోటీన్లు కలిసిన ఒక సన్నని సంచి అల్లుకుంటుంది. మలేరియా క్రిమి ఈ సంచిని చీల్చుకుని బయటపడటానికి తన సొంత కైటినేజ్ ఎంజైమ్‌ను తెచ్చుకుంటుంది. క్రిమి జీవిత చక్రం ఆడదోమ జీర్ణక్రియ టైమ్‌టేబుల్‌కు ఎంతగా అతుక్కుపోయిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అమైనో ఆమ్లాలు అందగానే దోమ కొవ్వు కణజాలం వైటెల్లోజెనిన్ అనే పచ్చసొన ప్రోటీన్‌ను భారీగా తయారుచేయడం మొదలెడుతుంది. ఎక్డైసోన్ హార్మోన్ దాన్ని నడిపిస్తుంది. రక్తం తాగిన ఒక రోజుకు ఈ ఉత్పత్తి శిఖరానికి చేరి, మరో రోజు తిరిగేసరికి ఆగిపోతుంది. తయారైన ప్రోటీన్ దోమ రక్తంలో ప్రయాణించి అండాశయాలకు చేరుతుంది. గుడ్లు పెట్టాక దోమ మళ్లీ ఆకలిగా రక్తం కోసం బయల్దేరుతుంది.

ఈ చక్రంలోనే రోగవ్యాప్తి దాగి ఉంది. ఒక దోమ రోగాన్ని అంటించాలంటే మామూలుగా కనీసం రెండుసార్లు కుట్టాలి, ఒకసారి క్రిమిని తీసుకోవడానికి, ఇంకోసారి ఇవ్వడానికి. మధ్యలో మలేరియా క్రిమి దోమలో ఎదగడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఒక్కసారి తాగిన రక్తంతో జీవితానికి సరిపడా గుడ్లు పెట్టగలిగితే ఆడదోమ ఇంత ప్రమాదకారి అయ్యేది కాదు. వైటెల్లోజెనిన్ తయారీకి ప్రతిసారీ కొత్త రక్తం కావాలి, అందుకే దోమ మళ్లీ మళ్లీ కుడుతుంది. మరో మెలిక ఏమిటంటే, ఇదే వైటెల్లోజెనిన్ అనాఫిలిస్‌లో దోమ సొంత రోగనిరోధక శక్తికి అడ్డు తగులుతుంది. టెప్1 అనే ప్రోటీన్ మలేరియా క్రిమికి అతుక్కుని దాన్ని చంపాలి. వైటెల్లోజెనిన్, దానితో పాటు కొవ్వును మోసే లిపోఫోరిన్ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ అతుక్కోవడం తగ్గుతుంది. పిల్లలా, ఆరోగ్యమా అన్న బేరంలో ఆడదోమ పిల్లల వైపే మొగ్గుతుంది, మధ్యలో బతికిపోయేది మలేరియా క్రిమి.

టెప్1 ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ ప్రోటీన్ మగదోమలో కూడా ఉంటుంది. మగదోమ రక్తమే తాగదు, దానికి మలేరియా క్రిమితో పనేమిటి? అనాఫిలిస్ గాంబియే మగదోమ వృషణాల్లో టెప్1 దెబ్బతిన్న వీర్యకణాలకు అతుక్కుని వాటిని ఏరిపారేయడానికి సాయపడుతుందని 2015లో తేలింది. అది లేకపోతే సంతానశక్తి తగ్గుతుంది. ఒకే ప్రోటీన్ ఆడదాంట్లో కాపలాదారు, మగదాంట్లో నాణ్యత చూసే ఇన్‌స్పెక్టర్. ఆడదాంట్లో ఉంది, మగదాంట్లో లేదు అని ఉండటం లేకపోవడం మాత్రమే చూస్తూ పోతే ఇలాంటి తేడాలు కంటికి ఆనవు.

పోలిక ఎలా చేస్తున్నారు?

ఇక్కడ కొంచెం ఆగి, ఇలాంటి పరిశోధనలను చదివేటప్పుడు జాగ్రత్తగా చూడాల్సిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆడదోమనూ మగదోమనూ మొత్తంగా నూరి, ప్రోటీన్లను పోల్చి, ఫలానావి ఆడదోమకే ప్రత్యేకం అని జాబితా ఇవ్వడం సులువే. కానీ ఆ తేడా దేని వల్ల వచ్చింది? ఆడదోమ ఒంట్లో అండాశయాలు పెద్దవి, మగదోమలో వృషణాలు ఉంటాయి. అవయవాల పాళ్లు వేరైనప్పుడు ప్రోటీన్ల పాళ్లూ వేరవుతాయి, అందులో వింతేమీ లేదు. రక్తం తాగిన ఆడదోమను తీసుకుంటే కనిపించే తేడాలో చాలా భాగం లింగానిది కాదు, భోజనానిది. చక్కెర నీళ్ల మీదే ఉన్న ఆడదోమను మగదోమతో పోలిస్తే ట్రిప్సిన్లు, వైటెల్లోజెనిన్ లాంటి పేర్లు జాబితాలోంచి జారిపోతాయి లేదా బాగా కిందికి దిగుతాయి. లాలాజల ప్రోటీన్లు మాత్రం నిలబడతాయి, ఎందుకంటే అవి మొదటి కాటుకు ముందే సిద్ధంగా ఉండాలి. దోమ వయసు, జత కట్టిందా లేదా అన్నవి కూడా లెక్కలోకి రావాలి. ఒక్కో అవయవాన్ని విడిగా తీసి పోల్చిన పరిశోధనలే ఎక్కువ నమ్మదగ్గవి. దోమ లాలాజల గ్రంథి చాలా చిన్నది. సూక్ష్మదర్శిని కింద సూదులతో వందల సంఖ్యలో వాటిని తీయడం ఓపికకు పరీక్షే. మొత్తం దోమను నూరేయడం జనానికి ఎందుకు నచ్చుతుందో ఊహించవచ్చు.

వాసన పట్టే మెదడు

మనిషిని వెతుక్కుంటూ రావడం కూడా ప్రోటీన్ల పనే. దోమ మీసాల మీది నాడీకణాల్లో వాసనలను పట్టే గ్రాహక ప్రోటీన్లు ఉంటాయి. అనాఫిలిస్ గాంబియేలో ఓఆర్1 అనే గ్రాహకం ఆడదోమ మీసాల్లోనే కనిపించింది. మనిషి చెమటలో ఉండే ఒక రసాయనానికి అది స్పందిస్తుంది. రక్తం తాగాక దాని తయారీ తగ్గుతుంది, కడుపు నిండినదానికి ఆ వాసనతో పనిలేదు కదా. మగదోమ మీసాలు చూడ్డానికి గుబురుగా ఉన్నా అవి వాసన కన్నా వినికిడికే ఎక్కువ. మీసం మొదట్లో ఉండే వినికిడి అవయవంలో మగదోమకు సుమారు 15,000 నాడీకణాలు ఉంటాయి, ఆడదోమకు అందులో సగం. ఆడదోమ రెక్కల చప్పుడు పట్టుకోవడం మగదోమకు జీవన్మరణ సమస్య.

ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ప్రయోగం ఏడిస్ ఈజిప్టై మీద జరిగింది. ఫ్రూట్‌లెస్ అనే జన్యువు కూడా డబుల్‌సెక్స్ లాగే రెండు రకాలుగా కత్తిరింపుకు గురవుతుంది, మగదోమ మెదడులోనే దాని పూర్తి ప్రోటీన్ తయారవుతుంది. 2020లో పరిశోధకులు ఆ జన్యువును పాడుచేసిన మగదోమలను తయారుచేశారు. అవి సరిగా జత కట్టలేకపోవడం ఊహించిందే. ఊహించనిది, అవి బతికున్న మనిషి వాసనకు ఆడదోమల్లా ఆకర్షితమవడం. కుట్టలేవు, నోరు మగదోమ నోరే. అయినా వచ్చి చేరాయి. అంటే మనిషిని వెతికే నాడీ మార్గం మగదోమ మెదడులో మొదటి నుంచీ ఉంది, ఒక మగ ప్రోటీన్ దాన్ని నొక్కి పెట్టి ఉంచుతోంది. ఆడదోమకు ఏదో అదనంగా ఉండటం వల్ల అది కుడుతుందని అనుకుంటూ వచ్చిన చోట, మగదోమకు ఉన్నదాని వల్లే అది మనిషి జోలికి రావడం లేదని తేలింది.

మగదోమ ఇచ్చి వెళ్లేవి

మగదోమ ప్రోటీన్ల మీద చాలాకాలం ఎవరికీ పెద్ద ఆసక్తి లేదు. కుట్టనిదాన్ని పట్టించుకునేదెవరు? కానీ ఆడదోమ ప్రవర్తనను మార్చే ప్రోటీన్లు కొన్ని మగదోమ దగ్గరే తయారవుతాయి. 1967లో జార్జ్ క్రెయిగ్ అనే శాస్త్రవేత్త, మగదోమలో వీర్యద్రవం తయారుచేసే అనుబంధ గ్రంథుల నుంచి వచ్చే పదార్థం ఆడదోమను ఒక్క మగదానికే పరిమితం చేస్తుందని చూపించాడు. ఆ గ్రంథిని జత కట్టని ఆడదోమ ఒంట్లో పెట్టినా చాలు, అది ఇక మగదోమలను దగ్గరికి రానివ్వదు.

ఇందులో ఏ ప్రోటీన్లు ఉన్నాయో కనిపెట్టడం ఒక సాంకేతిక చిక్కు. జత కట్టాక మగదోమ ప్రోటీన్లు ఆడదోమ గర్భాశయంలో ఉంటాయి, అక్కడ ఆడదోమ సొంత ప్రోటీన్లు వాటికన్నా చాలా ఎక్కువ. ఎవరివి ఎవరివో తెలిసేదెలా? దీనికి దొరికిన ఉపాయం చాలా చక్కనిది. ఆడదోమలను గుడ్డు నుంచి బయటికి వచ్చినప్పటి నుంచి భారమైన నైట్రోజన్ ఉన్న ఆహారంతో పెంచారు. వాటి ప్రోటీన్లన్నీ మామూలు కన్నా బరువెక్కాయి. తర్వాత మామూలు మగదోమలతో జత కట్టించి, గర్భాశయంలోని ప్రోటీన్లను తూచితే మామూలు బరువున్నవన్నీ మగదోమవే. ఏడిస్ ఈజిప్టై మీద ఈ పద్ధతిలో 2011లో వీర్యద్రవానికి చెందినవి 93 ప్రోటీన్లు దొరికాయి, తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ సంఖ్యను బాగా పెంచాయి. వాటిలో హెచ్‌పీ-1 అనే చిన్న పెప్టైడ్ జత కట్టిన మొదటి గంటల్లో ఆడదోమ మరో మగదాన్ని ఒప్పుకోకుండా చేస్తుందని 2017లో తేలింది.

అనాఫిలిస్ గాంబియే పద్ధతి ఇంకా మొరటు. మగదోమ ప్లగిన్ అనే ప్రోటీన్‌ను ఒక ఎంజైమ్‌తో గట్టిపరిచి, ఆడదోమ లోపల బిరడాలా బిగించి పోతుంది. ఆ ఎంజైమ్‌ను ఆపేస్తే బిరడా ఏర్పడదు, వీర్యం కూడా సరిగా నిల్వ కాదు.

మగదోమను పూర్తిగా నిర్దోషి అనడానికీ లేదు. వైరస్ సోకిన ఆడదోమ గుడ్ల ద్వారా మగ సంతానానికి వైరస్ రావచ్చు. ఆ మగదోమలు జత కట్టేటప్పుడు దాన్ని ఆడదోమలకు అంటించగలవని ఏడిస్ జాతుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. వ్యాప్తిలో దీని పాత్ర కాటుతో పోలిస్తే చిన్నదే.

తేడాను ఆయుధంగా

దోమల అదుపులో ఇప్పుడు మగదోమలకు గిరాకీ పెరిగింది. సంతానశక్తి లేని మగదోమలనో, ప్రత్యేకమైన జన్యువు ఉన్న మగదోమలనో లక్షల్లో వదిలితే అవి ఆడదోమలతో జత కడతాయి, పిల్లలు పుట్టవు లేదా బతకవు. ఈ పథకాలన్నిటికీ పీడకల ఒకటే, వదిలే గుంపులో ఆడదోమలు కలవడం. దోమలు తగ్గిస్తామని చెప్పి కుట్టేవాటిని తెచ్చి వదిలితే జనం ఊరుకుంటారా? అందుకే ఆడవాటిని ఏరేయడం పెద్ద పని అయింది. 1970ల్లో ఎల్ సాల్వడార్‌లో అనాఫిలిస్ ఆల్బిమానస్ మీద వాడిన ఉపాయం ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. కీటకనాశినిని తట్టుకునే జన్యువును Y క్రోమోజోమ్‌కు అతికించారు. గుడ్లకు మందు పెడితే ఆడవి చచ్చి, మగవి మిగిలాయి.

ఇప్పటి పద్ధతులు నేరుగా ప్రోటీన్ తేడాల మీద ఆధారపడతాయి. ఏడిస్ ఆడదోమ రెక్క కండరాల్లో మాత్రమే ఎక్కువగా తయారయ్యే యాక్టిన్ ప్రోటీన్ ఒకటుంది. దాని జన్యువు మీటను వాడుకుని, ఆడదోమలు మాత్రమే ఎగరలేకుండా పోయే రకాన్ని 2010లో తయారుచేశారు. ఎగరలేని ఆడదోమ కుట్టనూ లేదు, జత కట్టనూ లేదు. డబుల్‌సెక్స్ కత్తిరింపు తేడాను ఆధారం చేసుకుని ఆడ పురుగులు మాత్రమే చనిపోయే ఏడిస్ రకాన్ని ఆక్సిటెక్ సంస్థ తయారుచేసింది, 2021లో అమెరికాలోని ఫ్లోరిడా కీస్‌లో వాటిని వదిలారు. అనాఫిలిస్ గాంబియేలో డబుల్‌సెక్స్ ఆడ రూపాన్ని మాత్రమే దెబ్బతీసే జీన్ డ్రైవ్‌ను (సంతానంలో సగానికి కాక దాదాపు అన్నిటికీ చేరేలా చేసిన జన్యు మార్పును) లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం 2018లో ప్రకటించింది. అది రెండు ప్రతులుగా చేరిన ఆడదోమలు కుట్టలేవు, గుడ్లు పెట్టలేవు. మగవాటికి ఏమీ కాదు కాబట్టి అవి జన్యువును మోసుకుపోతూ ఉంటాయి. ప్రయోగశాల పంజరాల్లోని దోమల గుంపులు 7 నుంచి 11 తరాల్లో అంతరించాయి. ఆ ముక్కను ఎంచుకోవడంలోనే వారి తెలివి ఉంది. మార్పు వస్తే ఆడదోమ పనికిరాకుండా పోయేంత కీలకమైన భాగం కాబట్టి, జీన్ డ్రైవ్‌ను తప్పించుకునే మార్పులు అక్కడ నిలదొక్కుకోవడం కష్టం.

ఇంతకన్నా సూటి మార్గం ఒకటి ఊహించవచ్చు. ఆడవాటిని చంపడం, ఏరడం ఎందుకు, పుట్టేవాటన్నిటికీ నిక్స్ ఇచ్చేస్తే అన్నీ మగవే అవుతాయి కదా? ఏడిస్‌లో ఇది నిజంగానే చేసి చూశారు. నిక్స్ ఒక్కదాన్నే పెట్టినా జన్యుపరంగా ఆడవి కావలసినవి పూర్తి మగదోమలుగా మారాయి, వాటికి సంతానశక్తి కూడా ఉందని 2020లో తేలింది. కానీ అవి ఎగరలేకపోయాయి. మగదోమ రెక్కల కండరాలకు మయోసిన్ అనే కండర ప్రోటీన్ల కుటుంబానికి చెందిన ఒక ప్రోటీన్ కావాలి. మయో-సెక్స్ అనే ఆ ప్రోటీన్ జన్యువు కూడా నిక్స్ పక్కనే, మగదోమకు మాత్రమే ఉండే ఆ చిన్న భాగంలోనే ఉంది. ఏడిస్ జత కట్టేది గాల్లో ఎగురుతూనే కాబట్టి, ఇలా మార్చిన దోమలను బయట వదిలి ప్రయోజనం పొందాలంటే నిక్స్‌తో పాటు మయో-సెక్స్‌ను కూడా చేర్చాలి.